యాభై ఏడో వాయి

నర్సు వెళ్లిపోయి పావుగంట దాటింది. ఆవిడ పెట్టిపోయిన సబ్బులు బల్ల మీద అలాగే ఉన్నాయి. అత్తా కోడలూ కొడుకూ ముగ్గురూ వాటి చుట్టూ కూర్చున్నారు గానీ ఒక్కరూ చెయ్యి చాపలేదు.

ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. అనలేదు. కాన్పుల వార్డులో పనిచేసే మనిషి, గొంతు పెంచడం ఎప్పుడో మానేసినట్టుంది. నెలనెలా వీళ్ల దగ్గర పన్నెండు సబ్బులు తీసుకెళ్లి బాలింతల చేతుల్లో పెడుతుంది. ఈ నెల మొదటి సబ్బు వాడిన పిల్లకి రెండు చేతులూ మణికట్ల దాకా ఎర్రగా పొంగి మంటలు పుట్టాయట. అదృష్టం కొద్దీ బిడ్డ ఒంటికి ఇంకా రాయలేదట. విప్పని పదకొండూ సంచిలోంచి తీసి బల్ల మీద పేర్చి, మీకు తెలియాలి కదా అని తెచ్చానమ్మా అని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే చెప్పులు వేసుకుంది.

కోడలికి ఆ నిండు గ్లాసు సబ్బు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

సబ్బు చుట్టిన కాగితం అడుగున ముద్ర చక్కగా పడింది. యాభై ఏడు. ఏ వాయి ఎవరు చేశారో రాసే పుస్తకంలో యాభై ఏడో పేజీ తీస్తే, చేసినవారి గడిలో చిన్న సున్నా ఉంది. సున్నా అంటే అత్తగారు. అడ్డగీత అంటే కోడలు. ఈ ఇంట్లో సబ్బు చేసేది ఇద్దరే.

ఆ సున్నా కనబడగానే తన గుండెల్లో ఏదో సడలడం కోడలు గమనించింది. హమ్మయ్య, నాది కాదు. ఆ వెంటనే సిగ్గేసింది. సిగ్గు వచ్చింది గానీ సడలింది మాత్రం మళ్లీ బిగుసుకోలేదు. మనసుకి సిగ్గు లేదు, సిగ్గు మనకే, అనుకుంది.

"చూశావుగా," అన్నాడు ఆమె భర్త, తల్లివైపు కాకుండా గోడవైపు చూస్తూ. "ఏడాదిగా మొత్తుకుంటున్నాను. అమ్మ ఇక కాస్టిక్ సోడా ముట్టుకోవద్దు. కాగితాలు చుట్టనీ, ముద్రలు వెయ్యనీ. కలిపే పని నువ్వు చూసుకో."

ఆ మాట కొడుకుగా అన్నాడో, సరుకు దుకాణాలకి చేర్చేవాడిగా అన్నాడో అతనికే తెలియనట్టుంది. రెండు పనులూ ఒకే గొంతుతో చేయడం అతనికి అలవాటు.

అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకోలేదు.

"నాదే. నా చేతి పొరపాటే. కాస్టిక్ కాస్త ఎక్కువ పడి ఉంటుంది. రేపటినుంచి ముట్టుకోను, సరేనా."

అని లేచి తన గదిలోకి వెళ్లింది. తలుపు పూర్తిగా వెయ్యలేదు, పూర్తిగా తియ్యనూ లేదు.

కోడలికి ఆ జవాబు మింగుడుపడలేదు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో అత్తగారు తప్పు ఒప్పుకోవడం ఆమె చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఈ ఉప్పే ఇదివరకటిది కాదనేది. పెళ్లికి ఆలస్యంగా వెళితే వాళ్లకే తొందరెక్కువ అనేది. అలాంటి మనిషి, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని, పొద్దున లేవడానికి తనకున్న ఒకే ఒక్క కారణాన్ని, ఒక్క మాట వాదించకుండా కొడుకు చేతుల్లో పెట్టేసి వెళ్లిపోయింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇక కేసు మూసేయండి," అన్నాడు భర్త, గది బరువు తగ్గించాలని. "ముద్దాయి ఒప్పేసుకుంది."

"ఒప్పుకుంది కాబట్టే మూయలేకపోతున్నాను," అంది ఆమె, సబ్బు చేతిలోకి తీసుకుని.

*

పనిగది ఇంటి వెనక. ఒకప్పుడు సామాన్ల కొట్టు. ఇప్పుడు మూడు గోడలకీ చెక్క అరలు, అరల్లో వరసగా ఆరుతున్న సబ్బులు. చేసిన సబ్బు ఆరు వారాలు ఆరితే గానీ కాస్టిక్ పొగరు అణగదు. కిటికీ కింద నూనె డబ్బాలు. ప్రతి డబ్బా మెడకీ దారంతో కట్టిన చీటీ.

ఈ చీటీలూ, నంబర్లూ, పుస్తకమూ కోడలు తెచ్చినవే. మూడేళ్ల కిందట ఒక నూనె ముక్కిపోయి, అది ఏయే సబ్బుల్లో పడిందో తెలియక రెండు వందల సబ్బులు మట్టిలో పూడ్చాక మొదలుపెట్టింది. ఎవరు చేశారో, ఏ రోజో, ఏ డబ్బాలోంచి ఎంత వంచారో రాయాలి. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక సబ్బు తీసి పై అరలో ఉంచాలి. దానికి సాక్షి అని పేరు. అత్తగారు నెల్లాళ్లు సణిగింది. సబ్బుకి కూడా జాతకం రాస్తారా అంది. బ్యాచ్ అనే మాట నోటికి రాదని, గారెలు వేయించినట్టు వాయి అనేది. రెండో నెలలో ఏమైందో ఏమో, కోడలి కంటే ఆవిడే గట్టిదై కూర్చుంది. చీటీ రాయకుండా చెంచాడు నూనె వంచినా కొడుకు మీద విరుచుకుపడేది.

కోడలు పై అర నుంచి యాభై ఏడో సాక్షిని దించింది. తడిచేసి నాలుక కొసకి ఆనించింది. సబ్బు రుచి, అంతే. నర్సు తెచ్చినదాన్ని ఆనించింది. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. నోరు పుక్కిలించుకుంది.

ఒకే నంబరు, ఒకే కుటుంబం, రెండు స్వభావాలు.

రెంటినీ చేతుల్లో రుద్ది చూసింది. సాక్షికి మీగడలాంటి నురుగు వచ్చింది. రెండోదానికి నీళ్ల నురుగు, వచ్చినట్టే వచ్చి పోయింది. నురుగు నిలబెట్టేది ఆముదం. అంటే ఇందులో ఆముదం పడలేదు. కాస్టిక్ మాత్రం ఆముదాన్ని కూడా లెక్కలో వేసుకుని తూచినది. తినాల్సిన నూనె దొరక్క అది మిగిలిపోయింది, మిగిలినది ఆ పిల్ల చేతుల్ని కొరికింది.

కాస్టిక్ ఎక్కువైందని అత్తగారు చెప్పింది తప్పు. ఎక్కువ కాలేదు. ఆముదం తక్కువైంది. చేసినవాళ్లకి ఆ తేడా తెలియాలి. తెలియలేదంటే చేసింది ఆవిడ కాదు.

ఆముదం డబ్బా దగ్గర నేల మీద కూర్చుని చీటీ విప్పింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని తేదీలు ఒక్కొక్కటే సరిచూసింది. యాభై ఆరు, ఉంది. యాభై ఏడు, ఉంది, అత్తగారి గుండ్రటి అక్షరాలతో. యాభై ఎనిమిది తేదీ చీటీలో లేదు.

యాభై ఎనిమిదో పేజీ తీసింది. అడ్డగీత. అన్ని గడుల్లోనూ టిక్కులు, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి పెట్టినవి. ఆముదం గడిలో కూడా.

తేదీ చూసింది. చూసి వెంటనే పుస్తకం మూసింది, ఎవరో గదిలోకి వచ్చినట్టు.

ఆ ముందు రోజు సాయంత్రమే ఆమెని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. ఐదో నెల, నిలవలేదు. వైద్యురాలు చెప్పినవన్నీ భర్త విన్నాడు, ఆమె వినలేదు. తెల్లారి లేచి, పడుకోమని అందరూ చెబుతుంటే, చీర కుచ్చిళ్లు దోపుకుని ఈ గదిలోకి వచ్చింది. ఆ రోజు గురించి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే, కిటికీ ఊచ చల్లగా తగలడం. తరవాత ఏం చేసిందో ఎవరూ అడగలేదు. చేతులు వాటంతట అవే చేశాయనుకుంది. ఒక పని మరిచిపోయాయని ఇప్పుడు తెలిసింది.

రెండు నెలలుగా ఆ రోజు ఎక్కడికి పోయిందా అని ఆమె అప్పుడప్పుడూ వెతుక్కునేది. అది అరల్లో ఆరుతూ ఉందన్నమాట.

కానీ యాభై ఎనిమిదో సాక్షి బాగానే ఉంది. నాలుకకి ఆనించింది, నురుగు తీసింది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆమె మళ్లీ చీటీ చూసింది. ఆ తేదీకి నాలుగు రోజుల తరవాత, పూర్తి బ్యాచ్‌కి సరిపడా ఆముదం ఎవరో వంచారు. పుస్తకంలో ఆ రోజు ఏ బ్యాచూ లేదు. చీటీలో మాత్రం తేదీ ఉంది, బరువు ఉంది, గుండ్రటి అక్షరాలు ఉన్నాయి.

ఎవరికీ తెలియకుండా చేసిన పనికి కూడా ఆవిడ చీటీ రాసింది.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా కళ్లు నిండాయి.

*

అత్తగారు మంచం మీద పడుకోకుండా, గోడకి ఆనుకోకుండా, రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు అంచున కూర్చుని ఉంది. కోడలు చీటీని పక్కన దుప్పటి మీద పెట్టింది. ఆవిడ దాన్ని చదవలేదు. చదవక్కర్లేదు.

"ఎప్పుడు తెలిసింది అత్తయ్యా మీకు?"

"మర్నాడు తీగతో కోస్తుంటే. అంచులు పెళుసుగా విరిగాయి. నాలుక పెట్టి చూశాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

అత్తగారు దుప్పటి మడత సరిచేసింది. అది సరిగానే ఉంది.

అప్పుడు కోడలు మాట్లాడడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు గానీ ఆపకుండా. ఈ ఇంట్లో రెండు నెలలుగా అందరూ తన చుట్టూ మునివేళ్ల మీద నడుస్తున్నారంది. తను రాగానే మాటలు మారిపోతాయంది. ఆయన టీవీ చప్పుడు తగ్గిస్తాడు, మీరు పక్కింటి పసిపిల్ల ఏడిస్తే కిటికీ మూస్తారు, నేను ఏమైనా గాజుబొమ్మనా అంది. నా పొరపాటు నాకు చెప్పి ఉంటే ఆ రోజే అన్నీ పారేసేదాన్ని, ఆ బాలింత చేతులు కాలేవి కావంది. అది న్యాయమైన మాట. న్యాయమైన మాట కావడం వల్లే అత్తగారికి మరీ తగిలింది.

"పారేద్దామనే పెట్టెలోకి ఎత్తాను," అంది అత్తగారు. "దొడ్లో గొయ్యి కూడా తవ్వాను. చెయ్యి రాలేదమ్మాయ్."

"సబ్బులే కదా."

"ఆ రోజు నువ్వు ఏడవలేదు. అన్నం తినలేదు. పడుకోలేదు. ఇవి చేశావు. గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను, ఆపడం చేతకాలేదు. వాటిని తీసుకెళ్లి మట్టిలో పూడ్చమంటే..." అని ఆగి, "నీకింకేం మిగిలింది ఆ రోజుది," అంది.

కోడలు మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. కూర్చోవాలని అనుకోలేదు.

ఆరు వారాలయ్యాక మిగతావన్నీ చుట్టేటప్పుడు వీటినీ చుట్టానని అత్తగారు చెప్పింది. చుట్టి ముద్ర వెయ్యబోయి ఆగిపోయిందట. నంబరు లేకుండా ఈ ఇంట్లో ఒక్క సబ్బు కూడా ఉండకూడదని కోడలు పెట్టిన నియమం. యాభై ఎనిమిది వేద్దామంటే, ఆ నంబరు తను దొంగచాటుగా మళ్లీ చేసిన మంచివాటికి ఇచ్చేసింది. పైగా ఎప్పుడైనా ఎవరి చేతికైనా చిక్కితే మాట కోడలి మీదికి వస్తుంది.

"అందుకని నా నంబరు వేశాను. పాడైతే నాది పాడయిందనుకుంటారు. ముసలిదాని చెయ్యి వణికిందంటే ఎవరైనా నమ్ముతారు."

"మీ చెయ్యి వణకదుగా."

"నాకు తెలుసు, నీకు తెలుసు. మా వాడికి తెలియదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. దుప్పటి మీద ఉన్న అత్తగారి చేతిని కోడలు తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్ల కొసలు గరుకుగా, సబ్బు వాసనతో ఉన్నాయి. తన వేళ్లూ ఆ వాసనే. తొమ్మిదేళ్లలో ఈ చేతిని పట్టుకున్న సందర్భం గుర్తుచేసుకోబోయి, ఒక్కటీ దొరక్క, గట్టిగా పట్టుకుంది.

"ఆయనతో నేను చెబుతాను, కాస్టిక్ మీరే కలుపుతారని."

"ముందు ఆ పెట్టె బయటికి లాగు," అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "నర్సమ్మకి ఎలా వెళ్లాయో చూడాలి. నేనైతే ఇవ్వలేదు."

*

పెట్టె మంచం కిందే ఉంది. అచ్చుకి అరవై సబ్బులు, అరవయ్యీ ఇందులోనే సర్దానని అత్తగారు చెప్పింది. ఇద్దరూ మంచం మీద పదేసి చొప్పున పేర్చారు. నాలుగు వరసలతో పెట్టె ఖాళీ అయింది.

కోడలు భర్తని పిలిచింది. ఎక్కువ చెప్పకుండా, ఈ సబ్బులు పాడైనవని, నీ చేతి మీదుగా వెళ్లాయా అని అడిగింది. అతను మంచం మీది వరసల్ని, పక్కపక్కన కూర్చున్న తల్లినీ భార్యనీ చూశాడు. ఆ దృశ్యమే అతన్ని ఎక్కువ కంగారు పెట్టినట్టుంది. చుట్టిన సబ్బుల అరలో నర్సుకి ఇవ్వడానికి పన్నెండు లేకపోతే, అమ్మ ఏదో పక్కన పెట్టిందిలే అని ఇందులోంచి తీశానన్నాడు. ముద్ర ఉంది కదా, ముద్ర ఉన్నది మంచిదే అనుకున్నానన్నాడు.

"పన్నెండేనా?"

"పన్నెండే."

"ఇక్కడ నలభై ఉన్నాయి. ఇంకా ఎనిమిది ఎక్కడ?"

అతను తలుపు పట్టుకున్నాడు. ఎనిమిది ఎక్కడో గుర్తులేదనే మనిషి ముఖం అలా ఉండదు. గుర్తొచ్చి, ఎలా చెప్పాలో తెలియని మనిషి ముఖం అది. కోడలికి ఆ ముఖం తెలుసు. ఆసుపత్రి వరండాలో చూసింది.

"చెప్పు. ఎవరి ఒంటి మీదో పడతాయి."

"చిట్టి వాళ్లింటికి తీసుకెళ్లాను," అన్నాడు. "పోయిన వారం."

చిట్టి అతని చెల్లెలు. వాళ్లిల్లు ఊరి ఆ చివర. పోయిన వారం అతను అక్కడికి వెళ్లినట్టు ఇంట్లో ఎవరూ అనలేదు. వెళితే చెప్పకపోవడానికి ఏముంది, అని కోడలు అనుకుంటూనే ఉంది.

"దానికా?" అంది అత్తగారు. చేయి కోడలి ఒళ్లోంచి జారిపోయింది. "అసలే ఈ టైములో దాని ఒళ్లు ఊరికే దురదలు పెడుతోందన్నదిరా, ఇంకా ఈ సబ్బు కూడా..."

మాట అక్కడ తెగింది. ఆవిడ నోరు తెరిచే ఉంది.

భర్త తల్లిని చూశాడు. తల్లి పేర్చిన సబ్బుల్ని చూసింది. ఇద్దరూ కోడల్ని తప్ప అన్నిటినీ చూశారు.

కోడలికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నెలన్నరగా చిట్టి ఈ ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే తలనొప్పనేది, పని ఎక్కువనేది. వదినా అని రోజుకి పదిసార్లు పిలిచే పిల్ల. తను ఏమనుకుంది? తన దుఃఖం దగ్గర నిలబడలేక తప్పుకుంటోందనుకుంది. మనసులో దాన్ని కొంచెం దూరం కూడా పెట్టింది.

"ఫోన్ ఇవ్వు," అంది.

"నేను చేస్తాను," అన్నాడు భర్త.

"నేను వెళ్లొస్తాలే అమ్మాయ్," అంది అత్తగారు. "నువ్వు ఉండు. నువ్వెందుకు."

ఆమె చెయ్యి చాపే ఉంచింది. అతను ఇచ్చాడు.

చిట్టి రెండో మోతకే ఎత్తింది. అన్నయ్యా అంది. కోడలు తనేనని చెప్పింది. అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తరవాత చిన్నగా, "వదినా," అంది.

అన్నయ్య తెచ్చిన సబ్బుల గురించి కోడలు వరసగా చెప్పింది. చేతులకి గానీ ఒంటికి గానీ రాయొద్దు, వాడి ఉంటే చల్లనీళ్లతో బాగా కడుక్కో, పొంగినా మంట పుట్టినా ఇవాళే డాక్టరుకి చూపించు, విప్పినవీ విప్పనివీ ఎనిమిదీ ఒకచోట పెట్టు. పుస్తకంలో చదివినట్టు తడబడకుండా చెప్పింది. ఒకటే విప్పానని, రెండు రోజులుగా మోచేతుల దగ్గర మంటగా ఉందని, ఇంకేదో కారణమనుకున్నానని చిట్టి చెప్పింది. ఆ ఇంకేదో ఏమిటో చెప్పలేదు.

"ఎన్నో నెల?" అంది కోడలు.

అవతల ఊపిరి ఆగింది. ఇవతల గదిలోనూ ఆగింది.

"నాలుగు," అంది చిట్టి. "చెప్పాలనే ఉంది వదినా. రోజూ ఫోన్ పట్టుకుంటాను. నీ గొంతు వినగానే నోరు రాదు." ఏడుస్తోంది. ఏడుస్తూ, సంతోషంగా ఉన్నందుకు తప్పు చేసినట్టుందని అంది.

కోడలు కళ్లు మూసుకుంది. లోపల వెతికింది, అసూయ ఉందా అని. ఉంది. దాని పక్కనే, దాన్ని తోసెయ్యకుండా, ఇంకొకటి కూడా కూర్చుని ఉంది. ఆ మోచేతుల మీద మంట తన చేతులు చేసినది. ఆ మంట మీద తనే చల్లనీళ్లు పోయాలి.

"మంట ఉన్న చోట గోకకు. వస్తున్నాను," అంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఫోన్ భర్తకి ఇచ్చి, కొక్కేనికి ఉన్న చేతిసంచి తీసుకుంది. అతను బండి తాళం అందుకున్నాడు. వద్దు, బస్సులో వెళతాను, ఒక్కదాన్నే వెళతాను అంది. ఆ గొంతుతో వాదించకూడదని అతనికి తెలుసు.

అత్తగారు గుమ్మం దాకా వెంట వచ్చింది. చెప్పుల పట్టీ పెట్టుకుంటున్న కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా, తలుపు రెక్క పట్టుకుంది.

"అది నీ చెయ్యి తీసుకెళ్లి దాని పొట్ట మీద పెట్టుకుంటుందమ్మాయ్," అంది. "దానికి తెలియదు, పిచ్చిపిల్ల. అప్పుడేం చేస్తావు?"

కోడలు రెండో చెప్పు చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.